చేతికివ్వని రంపం

సంత మధ్యలో నిలబడి ఉంది దమయంతి. ఇది ఏ ఊరి సంతో ఎంత తల బద్దలు కొట్టుకున్నా అంతుపట్టడం లేదు. కూరగాయల రాశుల్లేవు, ఎండుచేపల వాసన లేదు, గొంతు చించుకుని అరిచే బేరగాళ్ళు లేరు, నెత్తిమీద మాత్రం నీలం టార్పాలిన్ ఒకటి ఉబ్బుతూ అణుగుతూ ఉంది, దాని కింద తాళ్ళకు కట్టిన రంపాలు, కత్తులు, కత్తెరలు గాలికి ఒకదానికొకటి తగిలి గణగణమంటున్నాయి. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. ఒక రంపం కావాలి, మంచిది కావాలి, ఇప్పుడే కావాలి. చీకటి పడేలోగా తుపాను తీరం దాటుతుందట. ఆలోగా పెరట్లో పనసకొమ్మ కొట్టేయకపోతే అది విరిగి వెనక గది రేకుల మీద పడుతుంది, ఆ గదిలో కూతురు కుసుమ పురిటి మంచం మీద బిడ్డను పొదువుకుని పడుకుని ఉంది.

"ఒక్క మనిషైనా లేడేటి ఈ సంతలో?" అని అరుస్తుంది దమయంతి.

"మరి నాను ఎవుడిలాగ కనిపిస్తన్నాను?" అన్న మాట వినిపిస్తుంది వేలాడే రంపాల వెనక నుంచి.

చేత్తో వాటిని పక్కకు తోసి చూస్తే, చెక్కపెట్టె మీద కాలు మీద కాలేసుకుని లోకనాథం కూర్చుని ఉన్నాడు, ఆమె సొంత అన్నయ్య, నిరుడు దసరాలకు ముందు కిడ్నీలు పాడై చనిపోయిన అన్నయ్య. చివరి రోజుల్లో ఉబ్బిపోయి ఏ చెప్పులూ పట్టని ఆ పాదాలు ఇప్పుడు సన్నగా, మునుపటిలా చెట్టెక్కే పాదాలుగానే ఉన్నాయి, మోచేతుల మీద సూదులు గుచ్చిన మచ్చలు కూడా లేవు. అది చూడగానే దమయంతికి ఏడుపు తన్నుకొస్తుంది. పోయినవాడివి ఇక్కడెలా ఉన్నావని అడగాలనే ఉంది, కాని అడిగితే ఆయనకూ ఆ సంగతి గుర్తొచ్చి లేచి వెళ్ళిపోతాడేమోనని భయం, అందుకే కుశలప్రశ్నలు కట్టిపెట్టి సరాసరి పనిలోకి దిగుతుంది.

"అన్నయ్యా, బేగి ఒక రంపం ఇయ్యి. కొమ్మ కొట్టాలి."

"ఏ కొమ్మ?"

ఏ కొమ్మో ఆయనకు తెలుసు. తెలిసే అడుగుతున్నాడని ఆమెకూ తెలుసు. మనిషి చచ్చిపోయినా ఆ ఎత్తిపొడుపు మాత్రం చావలేదు చూడండి. "పనసకొమ్మ," అంటుంది ఆమె నేలచూపులు చూస్తూ.

"ఓహో," అంటాడు లోకనాథం. ఆ ఒక్క ఓహో చాలు, చెంపమీద కొట్టినట్టు తగులుతుంది. "సరే, ఏరుకో. అన్నీ నీ ఎదటే ఉన్నాయి."

దమయంతి కళ్ళకు ముందుగా ఆనింది ఎర్ర ప్లాస్టిక్ పిడి ఉన్న రంపం. కొత్తది, తళతళలాడుతోంది, రేకులో తన మొహం తనకే కనిపిస్తోంది. తాడు విప్పి లాక్కుని, "ఇది బాగుంది, ఇదియ్యి," అంటుంది.

"వంచి సూడు."

వంచుతుంది. తాటాకు వంగినట్టు వంగిపోతుంది, వంగినది వంగినట్టే ఉండిపోతుంది. మళ్ళీ తిన్నగా చేద్దామని రెండు చేతులా పట్టుకుంటే పిడి ఒక చేతిలోకి, రేకు ఇంకో చేతిలోకి వచ్చేస్తాయి. అప్పుడు గుర్తుపడుతుంది దాన్ని. ఓలమ్మో, ఇది పొద్దుట ఇంట్లో ఊడిపోయిన రంపమే కదా! మొగుడు కూర్మారావు నిన్న టౌనుకు పోయి, కొట్టువాడు ఫారిన్ సరుకన్నాడని మురిసిపోతూ తెచ్చిన రంపం. పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఎక్కి కోయడం మొదలుపెట్టాడు. పచ్చికొమ్మలో పనసపాలు రేకుకు అంటుకుని, అది ముందుకు పోదు, వెనక్కి రాదు, లాగిన ప్రతిసారీ కీచుమని మూలుగు. వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది ఆ మూలుగు. అలా పొద్దెక్కేదాకా గీకి గీకి, చివరికి పిడిలోంచి రేకు ఊడి, ఆ విసురుకు కూర్మారావు నిచ్చెన మీద నుంచి జారాడు. ప్రాణం దక్కింది గాని చీలమండ బెణికి, ఇప్పుడు పసుపూ సున్నం పట్టించుకుని మంచం మీద కూర్చుని ఆ కొట్టువాణ్ణి తిడుతున్నాడు.

చెట్లెక్కేవాళ్ళ కోసం ఊరంతా గాలించారు. తుపానొస్తోందంటే వాళ్ళకు కొబ్బరితోటల వాళ్ళు ముందే బయానాలు ఇచ్చుకుంటారు, ఒక్కడూ దొరకలేదు. పంచాయతీ వాళ్ళు బడిలోకి వచ్చేయమని మైకులో చెప్పి వెళ్ళారు, బడికి పోవాలంటే గెడ్డ దాటాలి, గెడ్డ నిన్ననే పొంగి దారి మింగేసింది, కడుపు మీద కుట్లు ఆరని పిల్లను అందులో ఎవరు దాటిస్తారు? ముందు గది పెంకులు కిందటి తుపానుకే సగం ఎగిరిపోయాయి. మిగిలింది ఆ వెనక గది ఒక్కటే, దాని నెత్తినే ఆ కొమ్మ.

"రంగు సూసి కొన్నావు," అంటాడు లోకనాథం. "నీకెప్పుడూ రంగే. సిన్నప్పుడు గాజులు కూడా ఇలగే కొన్నావు, ఇంటికెళ్ళీసరికి సగం పగిలిపోనాయి."

"నాను కొన్లేదు. ఆయన కొన్నాడు."

"బావకీ నీకూ తేడా ఏటి? సర్లే, ఇలా కూకో."

కూర్చోవడానికి వీల్లేదు, టైము లేదు, ఎక్కడో బిడ్డ ఏడుస్తోంది. టార్పాలిన్ అవతల నుంచే వస్తోంది ఏడుపు, ఇంత దూరం ఎలా వినిపిస్తోందో మరి. అయినా కాళ్ళు ఆమె మాట వినకుండా మడుచుకుంటాయి, పెట్టె పక్కన కూలబడుతుంది. లోకనాథం నెమ్మదిగా, ఈ లోకంలో తుపాన్లే లేనట్టు, ఒక నల్లటి రంపాన్ని తాడు నుంచి విప్పి ఒళ్ళో పెట్టుకుంటాడు. కాస్త వంపు తిరిగిన రేకు, మెరుపు లేదు, దుంగలాంటి కర్రపిడి.

"గోటితో కొట్టు," అంటాడు.

కొడుతుంది. సన్నగా, చాలాసేపు మోగుతుంది. గుళ్ళో గంట మోగి ఆగాక చెవుల్లో ఉంటుందే, అలా.

"ఉక్కు. రేకైతే టప్పుమని ఊరుకుంటాది. ఇప్పుడు దీని తోక సూడు, పిడిలోకి దిగే కొస. పిడి మొదట్లోనే ఆగిపోయిన తోక ఎప్పటికైనా ఊడతాది, జిగురు పెట్టినా ఊడతాది. ఇది పిడి చివరిదాకా పోయింది, మూడు చోట్ల రివిట్టు కొట్టినాడు. ఏలు పెట్టి సూడు, కదుల్తందా?"

"కదల్లేదు. ఇచ్చీ, నాను పోతాను."

"పళ్ళు ఎటు తిరిగున్నాయో సూసినావా?"

"అన్నయ్యా, గాలి లేస్తన్నాది!"

"నీ వైపు తిరిగున్నాయి. లాగినప్పుడు కోస్తాది, తోసినప్పుడు కోయదు. చెట్టు మీద ఉన్నోడికి తోసే బలం ఎక్కడిది? లాగుడొక్కటే. మీ ఆయన తోసుంటాడు."

తోశాడు. ఒళ్ళంతా బరువేసి తోశాడు, దమయంతి కింద నిచ్చెన పట్టుకుని చూస్తూనే ఉంది. ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రాక అటు తిరిగి చూస్తే టార్పాలిన్ అంచు కనబడదు, అంతా మబ్బే, నీలం పోయి నల్లబడిపోయిన మబ్బు, చేయెత్తితే అందేంత కిందికి దిగి ఉంది. వేలాడే కత్తెరలన్నీ ఆకుల్లా గలగలమంటున్నాయి. కాదు, ఆకులే అవి, పనసాకులు. సంత ఎటు పోయిందో పోయింది, అన్నా చెల్లెలూ పెరట్లో పనసచెట్టు మొదట్లో కూర్చుని ఉన్నారు, ఆయన కింద చెక్కపెట్టె మాత్రం అలాగే ఉంది. పైన ఆ కొమ్మ. మామూలుగా ఉండేదానికంటే లావుగా, బరువుగా, ఊపిరి తీస్తున్నట్టు లేస్తూ దిగుతూ ఉంది, దిగినప్పుడల్లా వెనక గది రేకుల్ని తాకి టక్కుమంటోంది. టక్కుమన్నప్పుడల్లా లోపల బిడ్డ కేరుమంటోంది.

"అదిగో, అదిగో, తగుల్తన్నాది!" అంటూ లేవబోతుంది దమయంతి.

లోకనాథం లేవడు. జేబులోంచి ఒక చిన్న కత్తెర తీస్తాడు, కొమ్మల కత్తెర, రెండు నాలుకలూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోయే రకం. "లావుకొమ్మ జోలికి పోయే ముందు దాని మీది రెమ్మలన్నీ దీంతో తీసీయాలి, బరువు తగ్గుతాది. రెండో రకం ఒకటుంటాది, కత్తి వచ్చి పలక మీద పడతాది, పచ్చిరెమ్మని అది కొయ్యదు, నలిపీస్తాది, నలిగినకాడ కుళ్ళుపడతాది. నట్టు విప్పి బిగించుకోడానికి వీలుండాల. స్ప్రింగు పోతే స్ప్రింగొక్కటే మార్చుకునీలా ఉండాల. అది లేనిది ఎంత మెరిసినా కొనొద్దు." అంటూనే తలకు రాసుకునే కొబ్బరినూనె చేతిలో పోసుకుని, రంపం రేకుకు ఆ కొసనుంచి ఈ కొసదాకా పామడం మొదలుపెడతాడు. "పనసపాలు పట్టకుండా ఇది. మర్చిపోకు."

"నీకు పుణ్యముంటాది, ఇంక ఆపు! నా పిల్ల సస్తాది అక్కడ!"

"ఆరోజు నాను అన్నది అదే కదే," అంటాడు లోకనాథం, నూనె రాయడం ఆపకుండా. "పిల్ల ఆ గదిలో పడుకుంటాది, తుపానొస్తే మీద పడతాది, ఈ కొమ్మ తీసీస్తాను అన్నాను. ఏటన్నావు నువ్వు?"

వచ్చిందయ్యా వచ్చింది, ఆ మాట రానే వచ్చింది. కుసుమ పెళ్ళికి పందిరి వేసే రోజు అది. పందిరికి అడ్డం వచ్చే కొమ్మలు తీయడానికి లోకనాథమే ఎక్కాడు, ఆ వీధిలో ఎవరి చెట్టుకైనా ఆయన చేయి పడాల్సిందే, తీగలాంటి మనిషి, రంపం నడుముకు దోపుకుని ఉడతలా పాకేవాడు. ఎక్కినవాడు ఈ లావుకొమ్మ మీద కూడా రంపం పెట్టాడు. ఆ కొమ్మకే ఏటా తేనెలాంటి పనసపండ్లు దిగుతాయి, దమయంతికి ఒళ్ళు మండిపోయింది, పెళ్ళివారి తరపు మనుషులు అప్పుడే వచ్చి కూర్చున్నారు, వాళ్ళ ఎదట, "పుట్టింటోడివి పుట్టింటోడిలాగ ఉండు, పెత్తనం మీ పెరట్లో చేసుకో, ఇది నా చెట్టు," అని కిందనుంచి కేకేసింది. లోకనాథం సగం నిచ్చెన దిగి, చేతిలో రంపాన్ని చెల్లెలి చేతికే అందించి, మిగతా సగం దిగి వెళ్ళిపోయాడు. పెళ్ళికి మేనమామగా వచ్చి, పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టాడు, చెల్లెలి మొహం మాత్రం చూడలేదు. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు. రంపాన్ని వదిన హేమావతి వచ్చి పట్టుకెళ్ళింది.

పదును వస్తువు ఏదైనా చేతికి చేయి అందించకూడదని ఇంటింటా ఉన్నదే. కింద పెట్టాలి, రెండోవాళ్ళు తీసుకోవాలి, లేదంటే ఇద్దరికీ పోట్లాట వస్తుంది. ఇంకేం, చుట్టాలంతా ఎగబడి ఆ ముక్క పట్టుకున్నారు. "రంపం చేతికిచ్చుకున్నారు, అందుకే ఇలా అయ్యింది," అన్నారు. అన్నా చెల్లెళ్ళకు కూడా ఆ మాట బాగానే ఉన్నట్టుంది. తప్పంతా తీసుకెళ్ళి రంపం నెత్తిన పెట్టేస్తే ఎవరూ ఎవర్నీ క్షమించమని అడగక్కర్లేదు కదా! వీధికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు, పొద్దున్న లేస్తే మొహాలు కనబడే ఇళ్ళు, మధ్యలో ఆ రంపం అడ్డంగా పడుకుంది. అలాగే ఉండగానే ఆయన పోయాడు.

"ఒక్క మాటకే రాకుండా పోతావా?" దమయంతి గొంతు లేస్తుంది. ఏడుపూ కోపమూ కలిసిపోయి ఏది ఏదో తెలియడం లేదు. "నాకు ముక్కు మీద కోపమని నీకు తెలీదేటి? చిన్నప్పట్నించి ఎన్నిసార్లు తిట్టినాను నిన్ను, ఎన్నిసార్లు కొట్టుకున్నాం, అన్నీ మరిచిపోయి సాయంత్రానికి ఒకే కంచంలో తినలేదేటి మనం? ఆ ఒక్కసారే ఎందుకు పట్టుకున్నావు? రోగమొచ్చినా కబురంపలేదు. నువ్వు రమ్మంటే రానేటి నాను?"

"నువ్వు రావడానికి నాను రమ్మనాలేటే?"

ఆ మాటకు దమయంతి చీర చెంగు నోట్లో కుక్కుకుంటుంది. చావు రోజున వెళ్ళింది, గుండెలు బాదుకుని ఏడ్చింది, అప్పుడు హేమావతి కూడా ఇదే అంది, ఇంకా కటువుగా అంది: "బతికున్నన్నాళ్ళూ గడప తొక్కని ఆడపడుచు ఇప్పుడొచ్చి ఎవరికోసం ఏడుస్తన్నాదో." ఆ రోజు నుంచి వదినా మరదళ్ళకు కూడా మాటల్లేవు. పొద్దుట కూర్మారావు నిచ్చెన మీద నుంచి పడ్డాక, "మీ అన్న రంపం వాళ్ళింట్లోనే ఉంది, వెళ్ళి అడుగు," అని మొత్తుకున్నాడు. వాకిలి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. కూతురి ప్రాణం మీదికి వచ్చినా కాలు కదల్లేదంటే ఏమనాలి ఈ మనిషిని! అరుగు మీద చతికిలబడి, రాత్రంతా నిద్ర లేక మండుతున్న కళ్ళతో ఆ ఎదురింటి తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

కొమ్మ ఇంకాస్త కిందికి దిగుతుంది. ఫెళ్ళుమని లోపలెక్కడో ఒక నార తెగిన చప్పుడు. బిడ్డ ఏడుపు ఠక్కున ఆగిపోతుంది.

ఏడుస్తున్నంతసేపూ ఆపమని బతిమాలిన దమయంతికి ఇప్పుడు ఆ ఏడుపు వినబడకపోయేసరికి పై ప్రాణాలు పైనే పోతాయి. "కుసుమా!" అని అరుస్తుంది. పలుకు లేదు. గది తలుపు ఇక్కడే ఉండాలి, చేయి చాస్తే పనస బెరడు తగులుతుంది తప్ప తలుపు తగలడం లేదు, ఎటు తిరిగినా చెట్టే.

"ఇచ్చీ రంపం! ఇచ్చీ!"

లోకనాథం లేచి నిలబడతాడు. నూనె రాసిన రంపాన్ని తిప్పి, పిడి ఆమె వైపు ఉండేలా చాపుతాడు. ఎన్నేళ్ళుగానో చేసిన పనిలా ఆమె చేయి ముందుకు వెళ్ళి, మధ్యలో ఆగిపోతుంది.

"కింద పెట్టు," అంటుంది దమయంతి.

"ఏటి?"

"చేతికియ్యకు. కింద పెట్టు, నాను తీసుకుంటాను. ఒకసారి అయ్యింది చాలు."

లోకనాథం వంగుతాడు. వంగినవాడు వంగినట్టే ఆగి నేలవైపు చూస్తాడు, దమయంతీ చూస్తుంది. నేల లేదు. చెట్టు మొదలంతా నీళ్ళు, బురద రంగు గెడ్డనీళ్ళు, సుళ్ళు తిరుగుతూ పారుతున్నాయి, ఆయన కూర్చున్న చెక్కపెట్టె పడవలా తేలిపోయి దూరంగా వెళ్ళిపోతోంది. ఆయన కుడివైపు చూస్తాడు, నీళ్ళు. ఎడమవైపు చూస్తాడు, నీళ్ళు. నిటారుగా లేచి, పిల్లవాడు అమ్మను అడిగినట్టు అడుగుతాడు.

"ఎక్కడ పెట్టను?"

"ఎక్కడో అక్కడ పెట్టు!"

"నాకు పెట్టడానికి సోటేదే ఇప్పుడు?" అంటాడు లోకనాథం. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. పోయినవాడి మాట అది. తాను పోయిన సంగతి ఆయనకు మొదట్నుంచీ తెలుసని దమయంతికి అప్పుడు అర్థమవుతుంది.

కలలో పోయినవాళ్ళు కనిపిస్తే పొద్దున్నే అమ్మ అడిగేది, ఇచ్చారా, అడిగారా అని. ఇస్తే మంచిదనేదా, అడిగితే మంచిదనేదా? ఒకటి మంచిది, రెండోది తమతో తీసుకుపోతారని, అంతవరకే గుర్తుంది, ఏది ఏదో ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. ఆ చేతిలోది అందుకుంటే ఈ నీళ్ళలో ఆయన వెంట తానూ కొట్టుకుపోతుందేమో. అందుకోకపోతే కొమ్మ పడుతుంది. నీళ్ళు మోకాళ్ళు దాటి వస్తున్నాయి, చల్లగా లాగుతున్నాయి. నెత్తిమీద రెండో నార ఫెళ్ళుమంటుంది.

"బేగి తేల్చుకో," అంటాడు లోకనాథం, చేయి చాపే ఉంచి. "ముందు కిందనుంచి ఓ గాటు పెట్టు, గుర్తుందా? ఆ తర్వాత పైనుంచి కొయ్యి. పైనుంచే మొదలెడితే కొమ్మ సగంలో విరిగి, బెరడు మొదలంటా సీలుకుపోతాది."

"అన్నయ్యా, నా నోరు మంచిది కాదు," అంటుంది దమయంతి. వెక్కిళ్ళలో మాట ముక్కలవుతుంది. "పోట్లాట రంపం తేలేదు, నాను తెచ్చినాను. నువ్వు సెప్పిందే నిజం. ఆ కొమ్మ అప్పుడే తీసీయాల్సింది. వినిపిస్తందా నీకు?"

"ఎదటే ఉన్నాను కదేటి, సెవిటోడినా?" అంటాడు లోకనాథం, మొహం మాత్రం వెలిగిపోతుంది. "ఇంక మనకి పోట్లాడ్డానికి ఏటి మిగిలిందే పిచ్చిదానా. అందుకో."

దమయంతి కళ్ళు మూసుకుని చేయి చాపుతుంది. వేళ్ళకు కర్రపిడి తగలబోతోంది, అంతలో నీళ్ళు గుప్పున మొహం మీదికి కొడతాయి.

"దమయంతీ! ఓ దమయంతీ!"

కళ్ళు తెరిచేసరికి అరుగు మీదే ఉంది, స్తంభానికి జారగిలబడి. జల్లు ఏటవాలుగా లోపలికి కొట్టి మొహం, జాకెట్టు తడిసిపోయాయి. మధ్యాహ్నమే ఇంకా, కాని మబ్బుకు దీపాలు పెట్టే వేళలా ఉంది. లోపలినుంచి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్న ఏడుపు వినబడింది. బతికున్న బిడ్డ ఏడుపు అంత తీయగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. వెనక రేకుల మీద కొమ్మ ఒకసారి టక్కుమంది.

వాకిలి గేటు అవతల, నెత్తిన గోనెసంచి కప్పుకుని హేమావతి నిలబడి ఉంది. గేటు తీసింది గాని లోపలికి అడుగు పెట్టలేదు. చేతిలో పాత లుంగీగుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువు.

"పొద్దుట్నించి వింటన్నాను, ఆ రేకుముక్క ఏడుపు," అంది హేమావతి, మొహం పక్కకు పెట్టుకుని. "అది మూలిగినప్పుడల్లా నాకు కడుపులో దేవీసింది. దాంతో పనసకొమ్మ తెగుతాదనుకున్నారేటి? చాలాసేపు చూసినాను, నువ్వే వస్తావేమోనని. మీ అన్నది తెచ్చినాను. పని అయ్యాక పంపీయి."

గుడ్డ విప్పింది. నల్లటి వంపురేకు, కర్రపిడి. అలవాటుగా కింద పెట్టడానికి వంగింది, వంగినదల్లా ఆగింది. గేటు దగ్గర రాయి మునిగిపోయి ఉంది, వాకిలంతా చీలమండల లోతు నీళ్ళు. హేమావతి కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, నిటారుగా లేచింది.

"ఎక్కడ పెట్టను?" అంది.

దమయంతి అరుగు దిగి, నీళ్ళు చిమ్ముకుంటూ గేటు దాకా వచ్చి చేయి చాపింది.

"చేతికియ్యి, వదినా."

"చేతికిస్తే పోట్లాట వస్తాది."

"రానీ," అంది దమయంతి. "పోట్లాడాలన్నా ముందు మాటాడాలి కదా."

హేమావతి రంపాన్ని ఆమె చేతిలో పెట్టి, గోనెసంచి అంచుతో కళ్ళు ఒత్తుకుని, గేటు దాటి నీళ్ళలోకి అడుగేసింది. "నడు, నిచ్చెన నాను పడతాను. ముందు కిందనుంచి గాటు పెట్టాల," అంది.

"తెలుసు," అంది దమయంతి.

ఇద్దరూ గాలికి ఎదురుగా పెరటి వైపు పరుగున వెళ్తుంటే, దమయంతి పట్టుకున్న పిడి చేతిలో జారుతోంది. ఎందుకా అని చూసుకుంది. రంపానికి ఆ కొసనుంచి ఈ కొసదాకా కొబ్బరినూనె రాసి ఉంది, ఇంకా ఆరలేదు.